తమ్ముడు తిరిగి చెప్పిన అంకె

మా వీధిలో నా గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. లెక్కల టీచరుగారు సాయంత్రమయ్యేసరికి ముందుగది తలుపు దగ్గరకేసుకుని ఎవరితోనో ఇంగ్లీషులో పోట్లాడుతూ ఉంటుందట. పక్కింటి పిన్నిగారైతే ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటమ్మా, ఫోన్లో ఎవడన్నా సతాయిస్తున్నాడా? పోలీసులకి చెప్పమంటావా?" అని అడిగింది.

"ఏం లేదు పిన్నిగారూ, విమానం దించుతున్నా" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి జాలిగా చూసి వెళ్ళిపోయింది. మర్నాడు అరిసెలు పంపింది, ఒంటరి మనిషి పాపం, బుర్ర పాడవకుండా తింటుందని కాబోలు.

నేను దించేది నిజం విమానం కాదు. కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటుంది, సిమ్యులేటర్ అంటారు. ఆట అంటే మావాళ్ళకి చర్రున కోపం వస్తుంది, అది వేరే సంగతి. దేశదేశాల్లో ఉన్న ఈ పిచ్చివాళ్ళంతా ఇంటర్నెట్లో ఒకచోట కలుస్తారు. కొందరు పైలట్లు. కొందరు కింద కూర్చుని వాళ్ళకి దారి చెప్పే కంట్రోలర్లు. నాకు విమానం నడపడం చేతకాలేదు. మొదటిసారే తీసుకెళ్ళి కృష్ణలో ముంచాను. మాట్లాడటం మాత్రం బాగా వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లల్ని అదిలించిన నోరు కదా! అందుకని నేను కంట్రోలర్ని. తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని, గన్నవరం రన్‌వే ఎవరికివ్వాలో, ఎవరిని ఆకాశంలో ఇంకో చుట్టు తిప్పాలో నేను చెప్తాను.

ఇదంతా మా తమ్ముడి వల్ల. వాడు నిజం పైలట్. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్నపాటి విమానానికి కెప్టెన్. మా అమ్మ వాడు పసివాడిగా ఉన్నప్పుడే పోయింది. నాకూ వాడికీ వయసులో చాలా తేడా. వాడికి స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది, బడిలో దిగబెట్టింది, వీపు పగలగొట్టింది, అన్నీ నేనే. నేను పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు కుదరలేదని బంధువులంటారు. కుదిరినవి నాకు కుదరలేదని నేనంటాను. వాడు పైలటై హైదరాబాదులో కాపురం పెట్టాక, ఫోన్ చేసినప్పుడల్లా ఈరోజు గాలి ఇలా ఉంది, అప్రోచ్ ఇలా ఇచ్చారు అని ఏదేదో చెప్పేవాడు. నాకు ముక్క అర్థమయ్యేది కాదు. పెంచిన పిల్లాడు పగలంతా ఏం చేస్తున్నాడో తెలియకుండా ఎలా ఊరుకోను? ఆ పంతం మీద కంప్యూటర్ కొన్నాను.

మా చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరు దొరికారు. బాపట్లలో మందుల షాపు ఆయన ఒకరు, ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఆయన ఇంకొకరు, పెద్దాయన, అందరికీ బాబాయే. నెలకో ఆదివారం మేం బాపట్లలో షాపు మీది గదిలో, ఆయన కంప్యూటర్ల ముందు కలిసేవాళ్ళం. నేను చర్చిలో ఆరాధన అయ్యాక గుళ్ళోంచి తిన్నగా స్టేషనుకి వెళ్ళేదాన్ని. బాబాయ్ రేపల్లె పాసింజర్లో తెనాలి వచ్చి ప్లాట్‌ఫారం మీద నాకోసం నిలబడి ఉండేవాడు. ఇద్దరం కలిసి బాపట్ల బండి ఎక్కేవాళ్ళం. తమ్ముడికి ఆ ఆదివారం సెలవు దొరికితే కారేసుకుని వచ్చేసేవాడు. ఇక చూడాలి మా సంబరం! నిజం పైలట్ మా మధ్య కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటున్నాడంటే మాటలా?

వాడు వచ్చిన మొదటిసారి బాబాయ్ పరువు పోయింది. బాబాయ్ మైకు ముందు కూర్చుంటే చాలు, గొంతు అమెరికా వెళ్ళిపోతుంది. మాట సగం ముక్కులోంచి, సగం పళ్ళ మధ్యనుంచి వస్తుంది. తమ్ముడు కాసేపు విని బజ్జీ పక్కన పెట్టాడు.

"బాబాయ్, మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"

"గన్నవరంతో."

"అక్కడ కూర్చునేది కూడా మనవాళ్ళే కదండీ. రేపల్లె గొంతుతోనే చెప్పండి, వాళ్ళకి హాయిగా అర్థమవుతుంది."

అన్నయ్యగారు పడీపడీ నవ్వారు. బాబాయ్ ముఖం ముడుచుకున్నాడు కానీ ఆ రోజునుంచి అమెరికా వెళ్ళలేదు.

మా అసలు తగాదాలన్నీ రేడియో మాటల మీదే. మేం పుస్తకం బట్టీపట్టినవాళ్ళం. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నది మాకు వేదవాక్కు. తమ్ముడేమో సగం మాటలు ఎగరగొట్టి చెప్పేవాడు. "సార్, పుస్తకంలో అలా లేదండి" అని అన్నయ్యగారు మందుచీటీ చూసినట్టు వేలుపెట్టి చూపించేవారు. "పుస్తకం రాసినాయన వానలో గన్నవరం దిగలేదండి" అనేవాడు వాడు. మళ్ళీ వాడే కాసేపాగి, "మీరు చెప్పిందే కరెక్టు. రోజూ చేసేపని కదా, మేం బద్ధకిస్తాం" అని ఒప్పుకునేవాడు. ఒప్పుకున్నందుకు అన్నయ్యగారు మళ్ళీ టీ తెప్పించేవారు.

ఒక్క విషయంలో మాత్రం వాడు వేళాకోళం ఆడేవాడు కాదు. కంట్రోలర్ ఒక అంకె చెప్తే, అంటే ఇంత ఎత్తుకి దిగు అనో, ఇటు తిరుగు అనో చెప్తే, పైలట్ ఆ అంకెని తిరిగి చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. తప్పు చెప్తే కంట్రోలర్ వెంటనే "నెగెటివ్" అని సరిదిద్దాలి. ఒకసారి నేను బాబాయ్‌ని ఎప్పుడూ దింపే ఎత్తుకి కాకుండా వేరే ఎత్తుకి దిగమన్నాను. బాబాయ్ అలవాటుగా పాత అంకే తిరిగి చెప్పాడు. నేను బజ్జీల గొడవలో పడి వదిలేశాను. తమ్ముడు టక్కున లేచాడు.

"బాబాయ్, మీరు విన్నది చెప్పలేదు. వినాలనుకున్నది చెప్పారు. ఈ తప్పుకి ప్రాణాలు పోయాయి, నవ్వులాట కాదు. అందుకే అక్కడ ఇద్దరం కూర్చుంటాం. ఒకడు నడుపుతాడు, ఒకడు రేడియోలో మాట్లాడతాడు. కానీ వినడం మాత్రం ఇద్దరూ వినాలి. ఒకడు తప్పు వింటే రెండోవాడు పట్టుకోవాలి." నా వైపు తిరిగి, "నువ్వు వదిలేశావేంటక్కా? మొహమాటాలు పెట్టుకోకు. తప్పు చెప్పింది నేనైనా సరే" అన్నాడు.

నేను పెంచినవాడు నాకే పాఠం చెప్పాడే అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

ఇంట్లో ఉన్న సాయంత్రాల్లో తమ్ముడు కూడా సిమ్యులేటర్లో హైదరాబాద్ నుంచి గన్నవరానికి ఒక విమానం వేసుకొచ్చేవాడు. వాడికి అదేం గొప్ప? పగలంతా చేసేదే. నాకోసం వచ్చేవాడు. నేను ఎప్పుడూ వాణ్ణి ముందు అయిదు వేల అడుగులకి దింపేదాన్ని. ఒక సాయంత్రం కింద బాబాయ్ అడ్డంగా వెళ్తున్నాడు కాబట్టి ఏడు వేల దగ్గర ఆగమన్నాను. "ఫైవ్ థౌజండ్" అని తిరిగి చెప్పాడు. చెప్పడం కూడా తడబాటు లేకుండా, చక్కగా, రేడియో వార్తల్లోలా చెప్పాడు.

"నెగెటివ్. సెవెన్ థౌజండ్."

"సెవెన్ థౌజండ్. సారీ అక్కా, హెడ్‌సెట్ దొబ్బింది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. తర్వాతెప్పుడో మళ్ళీ అదే జరిగింది. హెడ్‌సెట్ మార్చానన్నాడు, అయినా జరిగింది. నేను గమనించడం మొదలుపెట్టాను. ఎప్పుడూ చెప్పే మాట చెప్తే వాడి రీడ్‌బ్యాక్‌లో వంక పెట్టడానికి ఉండదు. కొత్త అంకె చెప్తే మాత్రం పాతదే వస్తుంది. మధ్యలో నేనేదన్నా జోకు వేస్తే నవ్వేవాడు. బాబాయ్ నవ్వాక, అన్నయ్యగారు నవ్వాక, అప్పుడు నవ్వేవాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. మా నాన్నది. నాన్న పొన్నూరులో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. చివరి సంవత్సరాల్లో అందరూ నవ్వాక నవ్వేవాడు. అడగని ప్రశ్నలకి జవాబు చెప్పేవాడు. అన్నం తిన్నావా నాన్నా అంటే, ఎండ ఎక్కువగానే ఉందమ్మా అనేవాడు. మిల్లు మోతకి చెవులు పోయాయని ఊరంతా అన్నారు, మేమూ అదే అనుకున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత బడిలో పిల్లల మీద రోజుకోసారి వాడేదాన్ని. తమ్ముడిలో ఆ నవ్వు చూశాక ఆ మాట నా నోట రాలేదు.

అయినా మనసు ఒప్పుకోదు కదండీ. నెట్ సరిగా లేదేమో, వాడు అలిసిపోయాడేమో, ఏటా పెద్ద డాక్టర్లు పరీక్ష చేసి వాణ్ణి పాస్ చేస్తున్నారు కదా, నాకేం తెలుసని. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ కొన్నాళ్ళు లాక్కొచ్చాను.

ఆ తర్వాత ఒక ఆదివారం బాపట్లకి తమ్ముడు ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. వాడి పక్కన కూర్చునే కోపైలట్. చీరాలలో వాళ్ళింటికి సెలవుకి వెళ్తూ మమ్మల్ని చూడాలని ముచ్చటపడి వచ్చింది. చలాకీ పిల్ల. బాబాయ్ ఆవిడ ముందు మైకు పట్టుకుని ఏవేవో విన్యాసాలు చేశాడు. ఆవిడ బుద్ధిగా విని, "అంకుల్, మీరు నాకన్నా బాగా మాట్లాడుతున్నారు" అంది. బాబాయ్ కాలు నేలమీద ఆనలేదు.

"నువ్వు కూడా బాగా మాట్లాడాలిగా మరి, రోజూ చేసేదే" అన్నాను నేను.

"నాకు మాట్లాడటమే ఆంటీ, నడపడం ఎక్కడిది?" అని ఆ పిల్ల నవ్వింది. "మామూలుగా కెప్టెన్లు ఒక ట్రిప్పు వాళ్ళు నడిపి, ఇంకోటి మాకిస్తారు. సార్ ఈ మధ్య ఒక్కటీ ఇవ్వట్లేదు. అన్నీ ఆయనే నడుపుతారు, రేడియో అంతా నాకే. ఏం సార్, నా లాండింగ్ అంత ఘోరంగా ఉంటుందా?"

అందరూ నవ్వారు. తమ్ముడు ఆ పిల్ల పెదవుల వంకే చూస్తూ, అందరి తర్వాత నవ్వాడు.

ఆకాశంలో ఆ విమానంలో ఇద్దరు కూర్చుంటున్నారు, వింటున్నది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ ఈ చిన్నపిల్ల. ఈ పిల్ల ఎప్పుడన్నా ఒక అంకె తప్పు వింటే పట్టుకునే దిక్కులేదు. ఆ సంగతి వాళ్ళ వెనక సీట్లలో ఉన్నవాళ్ళకి తెలియదు, ఈ పిల్లకీ తెలియదు. వాడికి తెలుసు. తెలిసే నడపడం తన దగ్గర పెట్టుకుని, మాట్లాడటం ఆ పిల్లకి అప్పగించాడు.

తిరుగు బండిలో తెనాలి వచ్చి దిగి, రేపల్లె బండికోసం బెంచీ మీద కూర్చున్నాక బాబాయ్ అన్నాడు, "అమ్మాయ్, నేనూ చాన్నాళ్ళ నుంచి చూస్తున్నా. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"నన్నేం చెయ్యమంటావు బాబాయ్?"

"నా తప్పు పట్టుకున్నప్పుడు వాడు మొహమాటపడ్డాడా?" అని, ఇంక నా ముఖం చూడలేక పట్టాల వైపు తిరిగాడు.

చీరాలలో ఆ పిల్లని దింపి, స్నేహితుడింట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేను బడికి సెలవు పెట్టి వాడికిష్టమని చేపల పులుసు చేస్తున్నాను. వాడు ముందుగదిలో కుర్చీలో కూర్చుని, వంటింటికి వీపు పెట్టి ఫోన్ చూసుకుంటున్నాడు. నేను గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను.

"ఒరేయ్, నాన్నకొచ్చిందే నీకూ వచ్చిందా?"

గట్టిగా అడగలేదు, గుసగుసగానూ అడగలేదు. ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచే గొంతుతో అడిగాను. వాడు బొటనవేలితో ఫోన్ పైకి జరుపుకుంటూ ఉన్నాడు. ఇంకోసారి అడిగాను. దేవుడా, వీడు తిరిగి చూసి "ఏంటక్కా పిచ్చి ప్రశ్నలు" అని నన్ను కసిరితే చాలు, ఇంకేం అడగను నిన్ను, అనుకున్నాను. వాడు తిరగలేదు. గరిటెలోంచి పులుసు నా పాదం మీద కారుతోంది, అదీ నాకు తెలియలేదు.

వెళ్ళి వాడి ఎదురుగా నిలబడి మూడోసారి అడిగాను. ఈసారి విన్నాడు. ముఖం పాలిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. ఏడు వేలంటే అయిదు వేలని."

"అది హెడ్‌సెట్ అక్కా..."

"నీ హెడ్‌సెట్ తగలెయ్య! ఆ పిల్లకి ఒక్క లాండింగ్ ఎందుకివ్వట్లేదు? అదీ హెడ్‌సెట్టేనా?"

వాడు తలవంచుకున్నాడు. మొన్న మెడికల్‌లో పాసయ్యాను కదా అన్నాడు. ఎలా పాసయ్యావురా అంటే, ఆ గది నిశ్శబ్దంగా ఉంటుందట, అక్కడ అంచుల్లో గట్టెక్కాడట. కాక్‌పిట్ నిశ్శబ్దంగా ఉంటుందా అన్నాను.

"ఇంకొన్నాళ్ళక్కా. ఎవరికీ ఏం కాలేదుగా. ఇది తప్ప నాకేం వచ్చు? చిన్నప్పటి నుంచి నాకు ఇంకోటి కావాలని ఎప్పుడన్నా అడిగానా నిన్ను? నేల మీద నేనేం చెయ్యను?"

అడగలేదు. నిజం. బొమ్మలు అడగలేదు, కొత్తబట్టలు అడగలేదు. పైలట్ అవుతానని ఒక్కటే అడిగాడు. వాడి తల నా పొట్టకి ఆనించుకుని, పోన్లేరా, నాకేం తెలియదనుకుంటాలే అని చెప్పాలని ఎంత ఆశ పుట్టిందో ఆ క్షణాన! చెప్పలేదు. నా నోరు నా మాట వినలేదు.

"రేపు నువ్వు వెళ్ళి మీ కంపెనీవాళ్ళకి చెప్పు. చెప్పేదాకా విమానం ఎక్కొద్దు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

వాడు దిగ్గున లేచాడు. "ఏం తెలుసని చెప్తావు? నీది ఆట! కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ విమానాలు దించుతూ నాకు పాఠాలు చెప్తున్నావా?"

"ఆటలోనే వదలొద్దన్నావు కదరా నువ్వు" అన్నాను. ఏడుస్తూ అన్నానేమో, వాడికి సరిగా వినపడలేదు. "ఏంటి?" అన్నాడు. నేను మళ్ళీ చెప్పలేదు. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాకిట్లో కారు వెనక్కి తీస్తూ పూలకుండీ పగలగొట్టాడు. పులుసు అలాగే మిగిలింది. సాయంత్రం పక్కింటి పిన్నిగారికిస్తే చాలా బాగుందని గిన్నె కడిగి పంపింది.

నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. మళ్ళీ డ్యూటీ ఎక్కకముందే వాడే వెళ్ళి చెప్పుకున్నాడు. పరీక్షలు చేశారు. రెండు చెవులూనట. నాన్న రక్తంలోంచి వచ్చిందేనట, మిల్లు పేరు మేం ఊరికే చెడగొట్టాం. రాన్రాను ఇంకా తగ్గుతుందని, మిషను పెట్టుకుంటే ఇంట్లో మాటలకి పనికొస్తుంది కానీ ఆ పనికి చాలదని తేల్చారు. ఇక నడపడానికి లేదన్నారు.

ఈ సంగతులేవీ వాడు నాకు చెప్పలేదు. మా మరదలు ఫోన్ చేసి చెప్పింది. "ముందు నాతో ఒక్కమాట అనుంటే సరిపోయేది కదా వదినా. ఆయన అన్నం తినట్లేదు. పైన విమానం వెళ్తే లోపలికెళ్ళి పడుకుంటున్నారు" అంది. నేను తల్లీ తల్లీ అంటూ ఏదో చెప్పబోయాను. ఆవిడ పెట్టేసింది.

నేను చేసింది తప్పని ఎవరూ అనలేదు. నేనూ అనుకోవడం లేదు. రేపు మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అదే చేస్తాను. కానీ చేసింది ఒప్పైనంత మాత్రాన కడుపులో మంట చల్లారుతుందా? నేను పెంచిన పిల్లాడు అడిగిన ఒక్క వస్తువునీ నా చేతుల్తో లాక్కున్నాను. వాడి పుట్టినరోజుకి మెసేజ్ పెడితే చూసినట్టు టిక్కు వచ్చింది, జవాబు రాలేదు. క్రిస్మస్‌కి కూడా అంతే. గుళ్ళో నా పక్కన వాడు కూర్చునే చోట సంచీ పెట్టుకుని కూర్చున్నాను. కంప్యూటర్ మీద దుప్పటి కప్పేశాను. బాపట్ల వెళ్ళలేదు. బాబాయ్ ఊరుకోలేదు. ఫోన్ మీద ఫోన్ చేసి, "నువ్వు లేకపోతే మమ్మల్ని దించే నాథుడెవరమ్మా, గాల్లోనే ముసలాణ్ణయిపోతున్నా" అని బతిమాలి, చివరికి ఎండాకాలం సెలవుల్లో మళ్ళీ కూర్చోబెట్టాడు.

వానలు పడ్డాక ఒక ఆదివారం మధ్యాహ్నం. బాబాయ్ గన్నవరం రన్‌వేకి ఎదురుగా దిగుతూ వస్తున్నాడు. దూరంగా అన్నయ్యగారు తన వంతుకోసం ఆగి ఉన్నారు. వీధి తలుపు చప్పుడైంది. తలతిప్పి చూస్తే తమ్ముడు.

చిక్కిపోయాడు. చెవుల వెనక మిషన్లు ఉన్నాయి. లేవబోతే వద్దని చెయ్యూపి, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని తెర వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. హెడ్‌ఫోన్ తీసి ఇచ్చాను. మిషను తీసి, హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించుకున్నాడు, తర్వాత రెండో చెవికి. బాబాయ్ మాట్లాడుతూనే ఉన్నాడు, బయటికి నాక్కూడా సన్నగా వినపడుతోంది. వాడు కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. తర్వాత తిరిగి ఇచ్చేశాడు.

"ఏమంటున్నాడు?"

"దిగడానికి పర్మిషన్ అడుగుతున్నాడు" అన్నాను, వాడి ముఖానికి ఎదురుగా.

"ఇవ్వు మరి."

నేను మాట్లాడాలంటే కాలి కింద పెడల్ నొక్కాలి. పాత కుట్టుమిషను పెడల్‌ని ఇక్కడి మెకానిక్ నాకలా మార్చిపెట్టాడు. నొక్కి, బాబాయ్‌ని పిలవబోతుండగా తమ్ముడు మాట్లాడాడు. చాలా గట్టిగా. చెవులు పోయినవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

"నీ మీద కోపంతో రాలేదనుకున్నావు కదక్కా? కోపం కాదు. నువ్వు ఆరోజు అడక్కపోయుంటే నేను చెప్పేవాణ్ణి కాదు. అది తలచుకుంటే నా ముఖం నీకు చూపించలేకపోయాను. ఒకప్పుడు వెనక సీట్లో పసిపిల్ల ఏడిస్తే కాక్‌పిట్ దాకా వినపడేది. ఏ సీట్లో పిల్లో కూడా చెప్పేవాణ్ణి. అది వినపడటం మానేశాక కూడా నేను నడిపానక్కా. అంతమందిని కూర్చోబెట్టుకుని నడిపాను. ఏదన్నా అయ్యుంటే? ఆ పిల్లలకి ఏదన్నా అయ్యుంటే?"

వాడు ఏడ్చాడు. అమ్మ పోయిన రోజు కూడా వాడు ఏడవలేదు, అప్పుడు వాడికి తెలియదు. నేను వాడి తల దగ్గరికి తీసుకున్నాను. ఏం కాలేదు కదరా, ఏం కాలేదు, నువ్వే చెప్పావు కదా, నువ్వే ఆపావు కదా అని వాడి జుట్టులోకి చెప్పాను. వాడికి వినపడదని తెలిసి కూడా చెప్తూనే ఉన్నాను.

ఎంతసేపటికో నా కళ్ళు తెరమీద ఎర్రదీపం మీద పడ్డాయి. నా కాలు పెడల్ మీదే ఉంది. అది నొక్కి ఉన్నంతసేపూ ఈ గదిలో ప్రతి మాటా బయటికి వెళ్తుంది, ఇంకెవరూ మాట్లాడటానికి ఉండదు. వాడు చెప్పిందంతా బాబాయ్ విన్నాడు. అన్నయ్యగారు విన్నారు. ఎక్కడెక్కడో ఉన్న, మాకు తెలియని వాళ్ళూ విన్నారు. కాలు తీశాను. ఎవరూ పేరు చెప్పుకోలేదు, వంతు అడగలేదు. తెర మీద చూస్తే బాబాయ్ రన్‌వే దాకా వచ్చినవాడు, నేను దిగమనలేదు కాబట్టి, తనంతట తనే మళ్ళీ పైకి లేచి సముద్రం వైపు తిరిగిపోతున్నాడు.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని తెర చూశాడు.

"దిగలేదేంటక్కా? అంత దగ్గరికి వచ్చి?"

"మళ్ళీ వస్తాడులేరా" అన్నాను.

"ఏంటి?" అన్నాడు వాడు, నా పెదవుల వైపు చూస్తూ. తెర మీద బాబాయ్ చుట్టు తిరిగి వచ్చే దారి వేలితో గీసి చూపించాను.